తమిళ గృహములలో తిథివ్రతములు

చెన్నపట్టణమున మైలాపూరు వీథులలో ఉదయమున నడుచువారికి ప్రతి గడపముందును తడి ఆఱని ముగ్గు కనబడుట నిత్యానుభవము. నెలకొకనాడు మాత్రము అనేక గృహముల వాకిళ్లు ఊడ్చి నీళ్లు చల్లియుండియు, ముగ్గులేక బోసిగా నుండును. ఆనాడు అమావాస్య. ఇంటి యజమానుడు దర్భలు పట్టి, నువ్వులు నీళ్లు విడిచి, పితృతర్పణము ముగించువఱకు ముగ్గు వేయరాదని ఆ గృహములలో నియమము. ఆ వాకిలిని మొదటిసారి చూచు తెలుగువారికి అది అశుభదినమనియే తోచును. కాని ఆ మధ్యాహ్నమే ఆ వీథిలో ఎవరో క్రొత్త దుకాణము తెఱతురు. మఱియెవరో క్రొత్త బండికి పూజ చేయింతురు. తమిళులకు అది "నిఱైంద అమావాసై", అనగా నిండు అమావాస్య. పని ప్రారంభించుటకు మంచిదినము.

మన యిండ్లలోనో, దీపావళి అమావాస్య, పోలాల అమావాస్య వంటి కొన్నిటిని తప్పించి, అమావాస్యనాడు ప్రయాణము కట్టము, పెండ్లిమాట ఎత్తము, క్రొత్తబట్ట కట్టము. చంద్రు డొక్కడే, చీకటియు ఒక్కటే. పులికాటు సరస్సున కుత్తరమున దానికొక అర్థము, దక్షిణమున మఱియొక అర్థము. ఏది నిజము? ఈ ప్రశ్న వేసికొన్నవారికి ఒక సంగతి వెంటనే స్పష్టము కాగలదు. శుభము గాని, అశుభము గాని ఆకాశమున వ్రాయబడి యుండలేదు. మనుష్యులు తమ యిండ్లలో దానిని వ్రాసికొన్నారు. మనుష్యులు వ్రాసినదానిని మనుష్యులు మరల చదువవచ్చును, తప్పులున్నచో దిద్దవచ్చును. ఈ వ్యాసమునకు మూలసూత్రమిదియే.

పొరుగువారి యాచారమును విమర్శించుటకు మనకేమి యధికారమని కొందఱు అడుగవచ్చును. చెన్నపట్టణమున తరతరములుగ కాపురమున్న తెలుగు కుటుంబములు అనేకములు. ప్రదోషమునాడు కపాలీశ్వరుని కోవెలలో వారును నిలుచుందురు. కృత్తికనాడు వారును ఒంటిపూట యుందురు. ఇరుగుపొరుగుల నోములు గోడలు దాటి వచ్చును. మఱియు పరుల యింటి అద్దములో మన ముఖము చూచుకొనుట కొన్నిసార్లు సులభము. మన నోములకును ఈ విమర్శ వర్తించునా లేదా యని చదువరులే నిర్ణయింతురు గాక.

తమిళుల సంవత్సరము సౌరమానము. సూర్యుడు మేషరాశిలో ప్రవేశించినపుడు, ఏప్రిలు నడుమ, చిత్తిరై మాసము పుట్టును. మన మాసము చాంద్రమానము. అమావాస్యతో ముగియును గనుక తిథి మన మాసములోనే ఇమిడి యున్నది. తమిళ తేదీలో తిథి కనబడదు. ఆడి మాసము పదవతేదీ యనిన చంద్రుడెక్కడ నున్నాడో తెలియదు. ఐనను వారి గృహవ్రతములలో పెక్కులు చంద్రుని ననుసరించియే జరుగును. శుక్లపక్షమున షష్ఠి సుబ్రహ్మణ్యునకు, ఏకాదశులు రెండు విష్ణువునకు, త్రయోదశి సాయంకాలమున ప్రదోషములు రెండు శివునకు, కృష్ణపక్షమున సంకటహర చతుర్థి పిళ్లైయారునకు, మాసశివరాత్రి, పౌర్ణమి, అమావాస్య, నక్షత్రమునుబట్టి కృత్తిక, వైష్ణవ గృహములలో తిరువోణ మనబడు శ్రవణము. లెక్కించినచో పదునొకండు. శైవులు కొన్నిటిని, వైష్ణవులు కొన్నిటిని పట్టుదురే గాని అన్నియు ఒక యింట సాగవు. ఐనను మేమెఱిగిన ఇండ్లలో నెలకు అయిదాఱు దినము లిట్టివి. వీనికి శుక్రవారములును, ఆడి, తై మాసముల ప్రత్యేక పర్వములును కూడినచో గృహిణి నెలలో తీరికయైన వారము దొరకుట కష్టము.

తేదీలో తిథి కనబడదు గనుక తమిళ గృహమున పంచాంగమునకు గొప్ప పెత్తనము కలిగినది. గోడకు వ్రేలాడు దినసరి కేలెండరు కాగితము చించనిదే దినము ప్రారంభము కాదు. నేడు చేతిఫోనే ముందుగా హెచ్చరించును: ఎల్లుండి ప్రదోషము, నేటి సాయంకాలము చతుర్థి యని. అవ్వ జ్ఞాపకము ఉండవలసిన చోట యంత్రము వచ్చినది. అవ్వకున్న వెసులుబాటు యంత్రమునకు లేదు. ఒంట్లో బాగులేని కోడలిని చూచి, ఈ నెలకు వద్దులే యని అవ్వ అనగలదు. ఫోను అనజాలదు.

ఇంతకును తిథి యననేమి? సూర్యునినుండి చంద్రుడు పండ్రెండు భాగలు జరుగుటకు పట్టు కాలము. అట్టి ముప్పది తిథులు సుమారు ఇరువదితొమ్మిదిన్నర దినములలో ముగియును. చంద్రుని వేగము ఒక్కరీతి నుండదు గనుక తిథి యొకప్పుడు 20 గంటలకే ముగియును. ఒకప్పుడు 26 గంటలు దాటును. చంద్రుడు బయలుదేఱిన నక్షత్రమునకే తిరిగివచ్చుటకు 27 దినముల 8 గంటలు పట్టును గనుక కృత్తికకు తిథితో పొత్తు లేదు. ఇది శుద్ధగణితము. అందు భక్తియు లేదు, భయమును లేదు.

కాని ఈ గణితము పైననే తమిళదేశమున పెద్ద వివాదము జరిగినది. వరరుచి పేర జెప్పబడు 248 చంద్రవాక్యములనుబట్టి కట్టునది వాక్యపంచాంగము. ఆకాశమున కంటికి కనబడు స్థితికి సరిపోవునట్లు గణించునది దృగ్గణితము. తమిళులు దీనిని తిరుక్కణిత మందురు. రెంటికిని తిథ్యంతమున కొన్ని గడియల భేదము కలుగుచుండును. చెన్నపట్టణపు నక్షత్రశాలలో ఉద్యోగియైన చింతామణి రఘునాథాచారి 1867లో ఒక చరకాంతి నక్షత్రమును కనుగొని ప్రసిద్ధుడయ్యెను. 1874లో శుక్రుడు సూర్యబింబమును దాటు వింతను గూర్చి దేశభాషలలో చిన్న పుస్తకము ప్రకటించి, జనులకు ఖగోళజ్ఞానము బోధింప యత్నించెను. పాత వాక్యములు ఆకాశముతో సరిపోవుట లేదనియు, వానిని దిద్దవలెననియు చెప్పి, దృగ్గణిత పంచాంగమును వెలువరించెను. 1880లో ఆయన మరణించెను. ఆయన నాస్తికుడు కాడు. శ్రద్ధగల వైష్ణవ గృహమున పుట్టి, తన శాస్త్రమును తన మతమునకు సేవగా భావించినవాడు.

ఆయన చూపిన మార్గము మాకు మిక్కిలి గౌరవపాత్రము. పూర్వుల వాక్యమును కాలుదన్న నక్కఱలేదు. ఆకాశమువంక చూచి సరిదిద్దిన చాలును. స్వతంత్ర భారతమున 1952లో మేఘనాథ సాహా అధ్యక్షతను ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘము చెప్పినదియు దీనినే. 1957 మార్చి 22 నుండి రాష్ట్రీయ పంచాంగము అమలులోనికి వచ్చినది. ఐనను నేటికిని వాక్యపంచాంగము వారు ఒకనాడు, తిరుక్కణితము వారు మఱియొకనాడు ఏకాదశి యుండుట కద్దు. ఇరువురి ఉపవాసములును ఫలించినవనియే ఇరువురును నమ్ముదురు. ఆ నమ్మకము నిజమైనచో ఫలమునకు మూలము గడియలు కావు, మనస్సు. మూలము మనస్సైనపుడు, గడియ తప్పెనని ఇంటి యాడువారిని దండించుట యెందుకు?

ఆచారమును సమర్థించువారిలో ఈ కాలమున నొక క్రొత్త తెగ బయలుదేఱినది. చంద్రుడు సముద్రమును ఆకర్షించును; మన దేహమునను నీరు కలదు; కావున ఏకాదశి యుపవాసము శాస్త్రీయమని వీరి వాదము. వినుటకింపుగా నున్నది. కాని సముద్రము మిక్కిలి పొంగునది అమావాస్యా పౌర్ణములకు, ఏకాదశికి కాదు. పొంగే కారణమైనచో ఉపవాసమును ఆ రెండు దినములకు మార్చవలసి వచ్చును. ఆచారమునకు శాస్త్రపు ముసుగు వేయుటవలన ఆచారమునకు బలము రాదు. శాస్త్రమునకు అవమానము మాత్రము కలుగును. మా తల్లి చేసినది గనుక నేను చేయుచున్నానని చెప్పు స్త్రీ మాటలో ఇంతకంటె ఎక్కువ సత్యమున్నది.

ఈ వ్రతములలోని మంచిని మేము ఎఱుగకపోలేదు. అమావాస్యనాడు ఆకులో మొదట వడ్డించిన అన్నము గోడమీద పెట్టి కాకిని పిలుచుట తమిళ గృహమున చూడవలసిన దృశ్యము. కాకి ముట్టనిదే ఇంటివారు ముట్టరు. కాకి వచ్చుట ఆలస్యమైనచో, తాతగారికి ఇష్టమైన కూర చేయలేదేమో యని ఇంటి పెద్దలు ఒకరినొకరు చూచుకొందురు. పోయినవారి రుచులను నెలకొకసారి జ్ఞాపకము చేసికొనుట ఎంత మానుషమైన పని! తర్పణము లేని కులములవారును ఆడి, తై అమావాస్యలకు, మహాలయమునకు ఆకువేసి పెద్దలకు పెట్టుదురు. చిత్తిరై పౌర్ణమినాడు నదితీరమున వెన్నెలలో చిత్రాన్నములు పంచుకొని భుజింతురు. అమావాస్య వెనుక మూడవనాటి సన్ననిరేకను, "మూన్ఱాం పిఱై"ని, బిడ్డల నెత్తికొని చూపింతురు. దీపపు కాంతిలో ఆకాశము మఱచిన ఈ పట్టణములలో చంద్రుని వైపు తల యెత్తించు ఆచారము ఏదియైనను మాకు ప్రియమే.

కాని గుణమును గ్రహించినవారు దోషమును చూపుటకు సందేహింపరాదు.

మొదటి దోషము వంటింటిలో నున్నది. ఉపవాసమన్న శబ్దమునకు దైవసమీపమున వసించుట యని పెద్దలు అర్థము చెప్పుదురు. ఆచరణలో అది వంటయింటి సమీపవాసమైనది. ఫలాహార మనగా పండ్లు తినుట. మన భాషలో అది ఫలహారమై ఇడ్డెనలకును, ఉప్పుమాకును పేరైనది. తమిళమున పలకారమై నేతిలో వేగినవానికి కూడ పేరైనది. శబ్దచరిత్రలోనే ఉపవాసచరిత్ర యంతయు ఇమిడి యున్నది! ఏకాదశినాడు అన్నము మానినవారికి రెండుపూటల పలకారములు చేయవలెను. ఉపవాసములేని బిడ్డలకు, ఉద్యోగస్థులకు వేఱుగ అన్నము వండవలెను. మఱునాడు ద్వాదశి పారణకు పెందలకడనే లేచి అవిసెయాకు, ఉసిరిక, ఉస్తికాయ సిద్ధము చేయవలెను. యజమానుడు ఒకపూట ఆకలి నోర్చుకొని పుణ్యము సంపాదించును. ఆ పుణ్యమునకు కావలసిన పనియంతయు గృహిణి చేయును. ఆమెయు ఆనాడు ఉపవాసమే. అమావాస్యనాడు ఉల్లి, వెల్లుల్లి, కేబేజీ, కేరట్టు మొదలగునవి పనికిరావు. అరటికాయ, గుమ్మడి వంటి నాటుకూరలే వండవలెను. తర్పణము ముగియువేళకు మడితో అన్నియు సిద్ధము కావలెను. తొమ్మిది గంటలకు తానును ఉద్యోగమునకు పోవలసిన కోడలు ఆనాడు ఎన్నిగంటలకు లేచునో ఎవరును అడుగరు.

ఇచట మఱియొక విషయము చదువరులు గమనింతురు గాక. శాస్త్రోక్తముగ పురుషుడు సంవత్సరమునకు 96 తర్పణములు చేయవలెను. దీనికి షణ్ణవతి యని పేరు. అమావాస్యలు, సంక్రమణములు, మన్వాదులు, యుగాదులు, మహాలయ దినములు మొదలగునవి చేరి ఆ సంఖ్య యగును. నేడు వానినన్నిటిని చేయువారు ఎందఱు? నిష్ఠగలవారును పండ్రెండు అమావాస్యలతోను, కొన్ని సంక్రమణములతోను తృప్తి పొందుచున్నారు. ఉద్యోగము, దూరము, తీరిక లేకుండుట కారణములుగ చూపుచున్నారు. మేము వారిని నిందింపము, కారణములు న్యాయమైనవే. ఎనుబది తర్పణములు లోపించినను ఆకాశము విఱిగి పడలేదు. పురుషుడు తన భారమును ఇట్లు తగ్గించుకొన్నపుడు, అదే కారణములు చూపి స్త్రీ తన భారమును తగ్గించుకొనినచో కలికాలమని నిట్టూర్చుట ఏమి న్యాయము? ఆచారము మాఱరానిదను మాట నిజము కాదు. అది మాఱుచునే యున్నది. ఎవరికొఱకు మాఱుచున్నదన్నదే ప్రశ్న.

రెండవ దోషము ఫలశ్రుతిలో నున్నది. కోవెల వాకిట చిన్న చిన్న వ్రతపుస్తకములు అమ్ముదురు. సాహిత్యవిమర్శకులు వానిని పుస్తకములుగ లెక్కింపరు గాని, గృహములలో పెద్దకావ్యములకంటె ఎక్కువగా చదువబడునవి అవియే. వాని నిర్మాణము ఒక్కటే. ఒక స్త్రీ వ్రతము చేసెను, సుఖపడెను. మఱియొకతె మఱచెను, భర్తనో బిడ్డనో కోల్పోయెను. మరల చేసెను, మరల పొందెను. కథలో వర్తకుని వలె దేవుడు లెక్క వ్రాసికొనుచుండును. ఇట్టి కథలో పాత్రకు శీలముతో పనిలేదు. ఆమె దయగలదా, సత్యము పలికినదా యని ఎవ్వరును అడుగరు. నియమము తప్పినదా లేదా యన్నదే ఇతివృత్తము. కథారూపమున ఇది లోపము. నీతిరూపమున అంతకంటె పెద్దలోపము. భక్తికథ యని చేతికిచ్చిన దానిలో భయమే రసమైనది.

తమిళమున ఒక పాతసామెత కలదు. చట్టిలో ఉన్నదే గరిటెలోనికి వచ్చునని దాని తేట యర్థము. లేనిది రాదని లోకానుభవము. దీనికే భక్తులు వేఱొక అర్థము చెప్పుదురు. చట్టి యనగా షష్ఠి. గరిటెను దెలుపు "అగప్పై" యను మాటను విఱిచినచో లోపలి సంచి, గర్భము. షష్ఠివ్రత ముండినచో గర్భము నిండునని తాత్పర్యము. శ్లేష చమత్కారముగ నున్నది, మేమును మెచ్చుకొనెదము. కాని బిడ్డలు లేని యువతి యెదుట నిలిచి ఈ సామెతను పలుకు అత్తగారి గొంతు విన్నవారికి చమత్కారము తోచదు. నెలనెలా షష్ఠి వచ్చును. నెలనెలా ఆమె యుండును. నెలనెలా ఆశ తప్పును. ఇరుగుపొరుగులు ఈమె నియమములో ఏదో లోపించినదందురు. సంతానము లేకుండుటకు కారణము భర్తయందును ఉండవచ్చునని వైద్యులు చెప్పుచునే యున్నారు. ఆ భర్తను షష్ఠి యుండుమని అడుగువారు అరుదు. సుబ్రహ్మణ్యుని భక్తితో స్మరించుట వేఱు. సంతానహీనత్వమునకు స్త్రీని నెలకొకసారి న్యాయస్థానమున నిలువబెట్టుట వేఱు. మొదటిది వ్రతము, రెండవది శిక్ష.

విధవల విషయమున ఈ శిక్ష మఱింత తీవ్రముగ నుండెను. తిథి యితరులకు వ్రతమైనచో వారికి శాసనము. ఏకాదశినాడు నీరును లేక కృశించిన బాలవితంతువుల కథలు మన పూర్వతరములవారు ఎఱుగుదురు. తానును బాల్యమున వైధవ్యము పొందిన సుబ్బలక్ష్మి 1912లో చెన్నపట్టణమున అట్టి బాలికలకు ఆశ్రయమిచ్చి, చదువు చెప్పించి, ఉపాధ్యాయినులుగ దిద్దెను. మన వీరేశలింగము పంతులు రాజమహేంద్రవరమున 1881లో ఏ మహాకార్యమునకు పూనుకొనెనో దానికిది సోదరకార్యము. నాటి క్రౌర్యము నేడు లేదు. కాని నోము ముగిసిన తర్వాత కుంకుమ, పసుపు పంచునపుడు ఇంటిలోనే ఉన్న పెద్దావిడను దాటి పొరుగింటికి పోవు పళ్లెము నేటికిని అనేక గృహములలో మేము చూచుచున్నాము. వంట చేసినది ఆమె. పాట నేర్పినది ఆమె. పళ్లెము మాత్రము ఆమెయెదుట ఆగదు. ఆమె యేమియు అనదు. ఆ మౌనమునకంటె మాకు పెద్ద ఖండన మక్కఱలేదు.

మూడవ దోషము తర్పణమునకు సంబంధించినది. కుమారులు లేని తండ్రికి అమావాస్యనాడు నువ్వులు నీళ్లు విడుచువారెవరు? కూతుళ్లున్నారు, వారే ముసలితనమున చూచిరి, వైద్యము చేయించిరి, కన్ను మూసినపుడు చెంతనుండిరి. కాని దర్భ పట్టుటకు దూరపు జ్ఞాతినో, అల్లునినో వెదకుచున్నారు. హిందూ కుటుంబపు ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన హక్కు ఆంధ్రప్రదేశమున 1985 నుండియు, తమిళనాడున 1989 నుండియు చట్టమువలన కలిగినది. 2005లో దేశమంతటికిని కలిగినది. పుత్రుడు లేనివాని ధనమునకు భార్యను, తరువాత కూతురిని యాజ్ఞవల్క్యస్మృతియు పేర్కొన్నది. ధనము పొందినవారే పిండమునకు బాధ్యులను న్యాయము ధర్మశాస్త్రములలో ప్రసిద్ధము. ఈ రెండు వాక్యములను చేర్చి చదివినచో కూతురి చేతినుండి నువ్వులు నీళ్లు తొలగించుటకు హేతువు కనబడదు. ఇల్లు పంచుకొనుటకు పనికివచ్చిన చేయి, ఇంటి పెద్దను స్మరించుటకు పనికిరాదా?

మేమెఱిగిన యొక గృహమున అక్కచెల్లెండ్రు ఇద్దఱు తండ్రి పోయిన సంవత్సరము ప్రతి అమావాస్యకును ఒకరింట కలిసికొనిరి. మంత్రము చెప్పుటకు పురోహితుడు రాలేదు. వారు తండ్రికి ఇష్టమైన అరటికాయ కూర వండి, ఆకులో పెట్టి, కాకిని పిలిచిరి. కాకి వచ్చెను. ఆ కాకికి శాస్త్రము తెలియదని నవ్వువారు నవ్వుదురు గాక. ఆ యిద్దఱి కన్నులలో నీరు తిరిగినది. తర్పణమున కంతకంటె పవిత్రమైన జలము మాకు తెలియదు.

ఇన్ని దోషములున్నచో అంతయు త్రోసివేయరాదా యను ప్రశ్నకు తమిళదేశ చరిత్రయే సమాధానము చెప్పుచున్నది. పెరియారు 1925లో ప్రారంభించిన స్వయంమర్యాద ఉద్యమము పురోహితుని, పంచాంగమును, తిథిని ఒక్కమాటుగ నిరాకరించినది. ఆ యుద్యమము చేసిన మేలు చిన్నది కాదు. పురోహితుడు లేని వివాహము 1967నాటి చట్టసవరణచేత న్యాయసమ్మతమైనది. కులగర్వము తల వంచవలసి వచ్చినది. ఐనను తిథివ్రతములు తగ్గలేదు. పౌర్ణమినాడు తిరువణ్ణామలైలో పదునాలుగు కిలోమీటర్ల గిరిప్రదక్షిణము చేయువారు గత కొన్ని దశాబ్దములలో లక్షలైనారు; ప్రదోషమునాడు నందిచుట్టును నిలువ చోటు లేదు. కారణమేమి? పోయినవారిని తలచుకొనుటకు ఒక దినము, నలుగురితో కలియుటకు ఒక సాయంకాలము, మనస్సును ఒకపూట అదుపున నుంచుటకు ఒక నియమము మనుష్యునకు కావలెను. వీనికి బదులు చూపక ఉన్నదానిని తీసివేసినచో ఖాళీస్థలమున పాతదే తిరిగి మొలచును. కొన్నిసార్లు వ్యాపారపు ఎరువుతో మఱింత ఏపుగ మొలచును.

వ్యాపారము మాట వచ్చినది గనుక నదుల మాటయు చెప్పవలెను. ఆడి అమావాస్యకు రామేశ్వరపు అగ్నితీర్థమునను, శ్రీరంగపు అమ్మమండపమునను, భవాని కూడలియందును జనసముద్రము చేరును. పాపనాశమువద్ద తామ్రపర్ణిలో దోషము పోవుటకని కట్టుబట్టలను నీటిలో విడుచువారు అనేకులు. ఆ బట్టలు దోషమును తీసికొనిపోవు. నదిని మాత్రము చెఱచును. పితరులకు ఇచ్చు జలమును పిల్లలు త్రాగవలసిన యేటిలోనుండియే తీసికొనుచున్నాము. ఆ ఏటిని పాడుచేసి పితరులను తృప్తిపఱచుట సాధ్యమా?

సంస్కారమునకు తమిళదేశమున నమూనాలు లేకపోలేదు. రెండు చెప్పెదము. తిరునెల్వేలి, కన్యాకుమారి ప్రాంతములలో ఔవ్వైయార్ నోన్బు అను వ్రతము కలదు. ఇది తిథివ్రతము గాక వారవ్రతము. ఆడి, తై, మాసి నెలల మంగళవారములలో రాత్రి స్త్రీలు మాత్రమే కూడి చేయుదురు. పురోహితుడు లేడు, మగపిల్లవానికి కూడ ప్రవేశము లేదు. ఉప్పులేని బియ్యపుపిండి కుడుములు చేసికొని, పెద్దావిడ కథ చెప్పగా విని, తామే భుజింతురు. ఈ వ్రతమున స్త్రీ పరిచారిక కాదు. ఆమెయే కర్త, ఆమెయే భోక్త. దాని ఫలకథలను మేము సమర్థింపము గాని, ఎవరి యనుమతియు లేక తమ రాత్రిని తాము ఏర్పఱచుకొన్న ఆ స్వాతంత్ర్యమును మెచ్చుకొనెదము.

రెండవది వడలూరు. రామలింగస్వామి 1867లో అచట అన్నసత్రము స్థాపించెను. ఆనాడు రగిల్చిన పొయ్యి నేటికిని ఆఱలేదు. 1872లో ఆయన నెలకొల్పిన సత్యజ్ఞానసభయందు నెలనెలా పుష్యమి నక్షత్రమునాడు తెరలు తొలగించి జ్యోతిని చూపుదురు. అదియు చంద్రుని ననుసరించిన పర్వమే. కాని అచట కులమడుగు వారు లేరు. వచ్చినవారికెల్ల అన్నము పెట్టుదురు. ఉపవాసమున తన యాకలిని తెలిసికొన్నవాడు ఇతరుల యాకలిని తెలిసికొనవలెనన్నదే ఆ మహాత్ముని బోధసారము. ఈ భావము గృహమున ప్రవేశించినచో ఏకాదశికి అర్థము వచ్చును.

కావున మేము కోరునది మితమైనది. వ్రతము చేయువారు స్వేచ్ఛగ చేయుదురు గాక, చేయనివారిని పాపులనరాదు. నెలలో పదునొకండింటికి బదులు ఇంటివారందఱు ఇష్టపడిన ఒకటో రెండో చాలును. ఉపవాసమున్ననాడు పొయ్యికిని ఉపవాసమే కావలెను. పండ్లు, మజ్జిగ నిజమైన ఫలాహారము. పలకారము కావలెనను పురుషుడు తానే పిండి కలుపుకొనుట నేర్చుకొనవలెను. కుంకుమ పళ్లెము ఇంటి పెద్దావిడవద్ద మొదట ఆగవలెను. కూతురు కోరినచో దర్భ ఆమె చేతికీయవలెను. బిడ్డలు లేనివారియెదుట సామెతలు పలుకరాదు. ఇందులో వేదమునకు విరుద్ధమైన దేదియో, దైవమునకు కోపము తెప్పించున దేదియో మాకు కనబడదు.

స్త్రీలే ఇష్టముతో చేయుచున్నారు, మీకేల యని కొందఱు పలుకుదురు. ఇష్టమన్న మాటకు అర్థము మానుటకు వీలున్నపుడే యుండును. ఒక నెల మాని చూడుమని చెప్పుడు. మానినందుకు ఇంటిలో ఒక్కరును ముఖము ముడుచుకొననిచో, మరునెల ఆమె చేయునది ఇష్టమని మేమును ఒప్పుకొనెదము.

ఈ పరీక్ష మన తెలుగిండ్లకును వర్తించును. వారి షష్ఠిని చూచి నవ్వు మనము మన శ్రావణ శుక్రవారమున వంటయింటివైపు ఒకసారి తొంగిచూడవలెను. వారి ముగ్గులేని వాకిలియు, మన ప్రయాణములేని అమావాస్యయు ఒకే చంద్రునిక్రింద నున్నవి. వచ్చే అమావాస్యనాడు, తర్పణము ముగిసిన పిదప, ఆ వాకిట ముగ్గువేయుటకు గృహిణి వంగినపుడు, ఉదయమునుండి ఆమె ఏమైన భుజించినదా యని ఇంటిలో ఒక్కరైన అడుగుదురా? అడిగిన యింట వ్రతము నిలిచినట్లే.